ఒకటిన్నర వేగం

పొద్దున భర్త స్నానానికి వెళ్లగానే ఫోను చిన్నకోడలి చేతికి వచ్చేది. అతను తల తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి తిరిగి ఇచ్చేయాలి. సరుకులు చేరవేసే వ్యాను నడిపే మనిషి అతను, ఫోను చేతిలో లేకపోతే ఏ వీధిలోకి తిరగాలో తెలియదు. సాయంత్రం అతను ఇంటికొచ్చాక కూతురి హోంవర్కు మొదలయ్యేలోపు ఇంకాస్త సమయం దొరికేది. ఈ రెండు సందుల్లోనే ఆమె వార్డు సహాయకుల కోర్సు చదివింది.

ఆమె పనిచేసేది ఆస్పత్రిలో దుప్పట్ల గదిలో. ఉతికి వచ్చిన దుప్పట్లు మడతపెట్టి, చిరుగులున్నవి వేరుచేసి, వార్డుల వారీగా బండిలో పేర్చడం ఆమె పని. ఆ పని ఇప్పించింది మామగారి తరఫు బంధువు కాబట్టి ఇంట్లో పిలుపే అక్కడా స్థిరపడిపోయింది. డాక్టర్లు కూడా చిన్నకోడలనే పిలిచేవారు. ఈసారి కోర్సు పాసైతే వార్డులో ఖాళీ అయిన చోటు నీదేనని హెడ్‌నర్సు చెప్పింది. పోయిన బ్యాచ్‌లో ఒకసారి ప్రాక్టికల్స్‌లో తప్పింది. మళ్లీ తప్పితే ఆ చోటు మరొకరికి ఇచ్చేస్తారు. ఆ మాట కూడా హెడ్‌నర్సే చెప్పింది, మొహమాటం లేకుండా.

పాఠాలన్నీ ఫోనులోనే. ఈసారి చెప్పేది ఒక కొత్త మేడం. చాలా ఏళ్లు నర్సుగా చేసి పాఠాలు చెప్పడానికి వచ్చిన మనిషి. ఆమె మాట మెల్లగా ఉంటుంది. ఒక వాక్యం మొదలుపెట్టి, అది ఎక్కడికి వెళ్లాలో ఆలోచించుకుని, మళ్లీ నడిపిస్తుంది. మొదటి వారం చిన్నకోడలు సగం పాఠం వినేసరికి భర్త తువ్వాలు దులపడం వినిపించేది.

ఉపాయం ఆడపడుచు చెప్పింది. "వదినా, ఇదిగో ఇక్కడ నొక్కు. ఒకటిన్నర పెట్టుకో. మా కాలేజీలో అందరం ఇలాగే వింటాం. మామూలు వేగంలో ఎవరు వింటారు, పెన్షన్ తీసుకునేవాళ్లు తప్ప!"

ఆ రోజునుంచి పాఠం స్నానం కంటే ముందే అయిపోయేది. మొదటి వారం విన్న నిదానం మరుపున పడి, మేడం చురుగ్గా, కొంచెం సన్నని గొంతుతో గబగబా మాట్లాడే మనిషిగా చిన్నకోడలి మనసులో ఉండిపోయింది.

గుండె ఆగినవాళ్లకు ఛాతీ నొక్కే పాఠం ఆమె ఎన్నోసార్లు చూసింది. పోయినసారి తప్పింది దాంట్లోనే. ఇయర్‌ఫోను పెట్టుకుని, మంచం మీద దిండు పెట్టుకుని, మేడం చేతుల వెంటే తన చేతులు నడిపేది. లెక్క మనసులోనే. పక్క గదిలో అత్తగారికి టీవీ వినపడాలి కదా.

అత్తగారు గుమ్మంలో నిలబడి చూసేది. "ఆ దిండు నీకేం అపకారం చేసిందే? దాని ప్రాణం తీసేలా ఉన్నావు."

"ప్రాణం నిలబెట్టడానికే అత్తయ్యా."

"నిలబెట్టేవాళ్లు అంత కసిగా నొక్కుతారా? రేపు నాకేమన్నా అయితే నువ్వు దగ్గరికి రాకు. నా తిప్పలేవో నేను పడతాను."

పరీక్షకు ముందురోజు సాధనకు పిలిచారు. అది ఆస్పత్రిలోనే ఒక పొడవాటి గది. కిటికీలకు సగం దాకా తెల్లరంగు, నేల మీద నీలం చాప, చాప మీద నడుము దాకా ఉన్న రబ్బరు బొమ్మ. దాని భుజం దగ్గర చిన్న దీపం ఉంది. సరైన లోతులో, సరైన వేగంలో నొక్కితే ఆకుపచ్చగా, లేకపోతే ఎర్రగా వెలుగుతుంది. బ్యాచ్‌లోవాళ్లు అప్పటిదాకా ఒకరినొకరు చూసుకోలేదు. అయినా కాసేపటికే బొమ్మకు మావయ్య అని పేరు పెట్టేశారు.

మేడం లోపలికి వచ్చి, "అందరూ... బాగున్నారా" అంది.

చిన్నకోడలు పక్కనున్న అమ్మాయి చెవిలో, "మేడంకి ఒంట్లో బాలేదా?" అని అడిగింది.

"నాకూ అదే అనిపిస్తోంది అక్కా. ఏదో మందు మత్తులో ఉన్నట్టుంది."

మొదట ఒక లావుపాటి కుర్రాడు మోకాళ్ల మీద కూర్చుని నొక్కాడు. ఎరుపు. తరువాత పక్కనున్న అమ్మాయి. ఎరుపు. చిన్నకోడలి వంతు వచ్చింది. మావయ్య ఛాతీ దిండులా లేదు, ఎదురు తిరిగింది. ఆమె చేతులు అలవాటైన వేగంతోనే వెళ్లాయి. దీపం ఒక్కసారి కూడా ఎరుపునుంచి మారలేదు.

"ఆగు," అంది మేడం. "ఎందుకా పరుగు? ఛాతీ పైకి లేచే దాకా ఆగడం లేదు నువ్వు. లేవకపోతే గుండెలోకి రక్తం ఎక్కడినుంచి వస్తుంది? అందరూ ఒకే తప్పు... చేస్తున్నారు. ఎవరు నేర్పారు మీకు ఇలా?"

లావుపాటి కుర్రాడు, "మీరే మేడం," అన్నాడు.

"నేనా?"

"వీడియోలో."

మేడం తన ఫోను తీసి ఆ పాఠం పెట్టింది. గదిలో ఆమె గొంతే రెండోసారి వినిపించింది, అంతే నిదానంగా. మాటలు మెల్లగా వచ్చినా నొక్కడం మొదలయ్యాక చేతులు కొలిచినట్టు నడిచాయి. ఆ నడక అక్కడున్న అందరికీ కొత్తగా తోచింది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మేడం, ఏమనుకోకండి," అంది చిన్నకోడలు. "నేను ఒకటిన్నర పెట్టి వింటాను. ఇంట్లో ఫోను ఎక్కువసేపు దొరకదు."

"నేనూ ఒకటిన్నరే," అంది పక్కమ్మాయి.

"నేను రెండు పెట్టాను మేడం," అన్నాడు కుర్రాడు. "నాకు ఫోను దొరుకుతుంది. కానీ మీరు మాట్లాడుతుంటే నిద్రొస్తుంది."

నవ్వు ఆపుకోలేక ఎవరో దగ్గారు. మేడం నవ్వలేదు, కోప్పడనూ లేదు. కాసేపు ఫోను కేసి చూసింది. అక్కడ ఎంతమంది చూశారో కనిపిస్తుంది గాని, ఎంత వేగంతో చూశారో కనిపించదు.

"మీరు విన్న మాటల్లో నష్టం లేదు," అంది. "మాటలు త్వరగా విన్నా మాటలే. చేతులు అలా కాదు. రేపటిదాకా ఒక్కటే చేయండి. పైకి లెక్కపెట్టండి. పదకొండు అంటే పదకొండనే అనాలి, మింగకూడదు. నోరు అనేదాకా చేయి కిందికి వెళ్లకూడదు."

సాయంత్రం చిన్నకోడలు ఇయర్‌ఫోను తీసేసి, పాఠాన్ని మామూలు వేగంలో పెట్టింది. అత్తగారు టీవీ గొంతు తగ్గించి వచ్చి మంచం చివర కూర్చుంది.

"ఇన్నాళ్లూ నీ ఇయర్‌ఫోన్లోంచి పిట్టలా అరిచింది ఈవిడేనా? ఇప్పుడు నాక్కూడా అర్థమవుతోంది. మంచి మనిషిలా ఉంది."

"అత్తయ్యా, మీరు ఇదే వేగంలో లెక్కపెడతారా? నా నోరు కూడా పరిగెడుతోంది."

అత్తగారు సర్దుకుని కూర్చుని మొదలుపెట్టింది. పద్నాలుగు దాకా బాగానే వెళ్లింది. అంతలో మనవరాలు పెన్సిలు మొన నోట్లో పెట్టుకోవడం కంటబడింది. "తియ్యవే అది, విషం!" అని అరిచింది. చిన్నకోడలి చేతులు ఆగిపోయాయి.

"నువ్వెందుకు ఆగావు?"

"మీరు ఆగారుగా."

"నేను పిల్లని తిడుతున్నాను. పోయేవాడి ప్రాణం నేను తిట్టడం అయ్యేదాకా కూర్చుంటుందా? మొదట్నుంచి కానియ్. ఈసారి నువ్వే లెక్కపెట్టు. నేను అడ్డం మాట్లాడుతూనే ఉంటాను, ఆగకు."

అత్తగారు మాట తప్పలేదు. పెద్దకోడలు అప్పట్లో వంట ఎలా చేసేది, ఎదురింటావిడ మోకాలికి ఏమైంది, కొడుకు కొన్న ఫ్యాను ఎందుకు పనికిరాదు, అన్నీ చెప్పుకుంటూ పోయింది. చిన్నకోడలు దిండును నొక్కుతూ, పైకి లేవనిస్తూ, ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది అంటూ వెళ్లింది. కొన్నిసార్లు వేగం అందింది, కొన్నిసార్లు పాత పరుగు వచ్చేసింది. భుజాలు పట్టేసే దాకా చేసి ఆపేసింది.

మర్నాడు పరీక్షకు బయటినుంచి ఒక డాక్టరు వచ్చాడు. ఫోన్లు బల్ల మీద పెట్టించారు. మేడం మూలన నిలబడింది, మాట్లాడడానికి వీల్లేదు.

చిన్నకోడలు చాప మీద కూర్చుంది. "మొదలుపెట్టు" అన్న మాట వినగానే చేతులు ముందు వెళ్లిపోయాయి. ఎరుపు. నోరు తెరవలేదని ఆమెకు అప్పుడు తెలిసింది. వార్డు పోయింది అనుకుంది. అనుకుంటూనే, "ఒకటి," అని గట్టిగా అంది.

డాక్టరు తల ఎత్తాడు.

ఆమె బొమ్మ మొహం చూడలేదు, దీపాన్నీ చూడలేదు. పదకొండును పదకొండులాగే అంది. పదిహేడును మింగలేదు. అరచేయి కింద ఛాతీ లేవడం తెలిసేదాకా ఆగి మళ్లీ నొక్కింది. ముప్ఫై అయ్యి రెండు ఊపిర్లు ఊది మళ్లీ ఒకటి దగ్గరికి వచ్చేసరికి దీపం ఆకుపచ్చగా ఉంది. ఎప్పుడు మారిందో ఆమెకు తెలియదు. డాక్టరు చాలనేదాకా ఆకుపచ్చగానే ఉంది.

"మొదట కంగారుపడ్డావు," అన్నాడు డాక్టరు.

"అవును సార్."

"సరిదిద్దుకున్నావు. పాస్. తరువాతివాళ్లని పంపించు."

బయట వసారాలో ఆమె గోడకు ఆనుకుని కాసేపు నిలబడింది. హెడ్‌నర్సుకు చెప్పాలి, ఇంటికి కబురు చేయాలి. ఏది ముందో తేల్చుకోలేదు. లోపలి నుంచి లావుపాటి కుర్రాడి గొంతు వినిపిస్తోంది, పదహారు, పదిహేడు.

అందరి వంతులూ అయ్యాక మేడం వచ్చి ఆమె పక్కన నిలబడింది.

"పాఠం మళ్లీ తీస్తాను. ఈసారి కాస్త త్వరగా... మాట్లాడతాను. అప్పుడు మీకు పెంచాల్సిన పని ఉండదు కదా?"

చిన్నకోడలు ఆలోచించింది. అబద్ధం చెప్పడానికి అప్పుడు ఓపిక లేదు.

"పెంచుతాం మేడం," అంది. "అదెలా ఉన్నా పెంచుతాం. నాకు దొరికేది ఆయన స్నానం చేసేంతసేపే."

మేడం తల ఊపింది. ఇద్దరూ మెట్ల దాకా కలిసే నడిచారు.

"అయితే ఆ ఒక్క పాఠం ఫోనులోంచి తీసేస్తాను," అంది మేడం కిందికి దిగుతూ. "నేర్చుకోవాలంటే ఇక్కడికి రావాలి."

"మరి రాలేనివాళ్లు?"

మేడం మెట్టు మీదే ఆగిపోయింది. చిన్నకోడలు కొంగు సర్దుకుని, హెడ్‌నర్సు గది ఉన్న వైపుకు తిరిగింది.