నడిపి చూడటమైనది

కొలతలాయన సైకిలు ఎక్కలేడు. ఈ సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు: ఆయనకీ, ఆయన భార్యకీ. దేవుడికీ తెలుసు గాని, ఆయన ఎవరితోనూ అనలేదు.

చిన్నప్పటి నుంచీ కొలతలాయన చెవిలో ఏదో లోపం. రెండు చక్రాల మీద కూర్చుంటే నేల ఒక పక్కకి ఒరిగిపోయేది, దాని వెనకాలే ఆయనా ఒరిగేవాడు. అలాంటి మనిషికి పూట గడిచేది మాత్రం సైకిళ్ళ వల్లే. ఖరీదైన పాత సైకిలు కొనాలనుకున్నవాళ్ళు ముందు ఆయన దగ్గరికి తెచ్చి పరీక్ష చేయిస్తారు. ఇంటి ముందు గదిలో ఒక స్టాండు, దాని మీదకి వంగిన దీపం, దారం, అయస్కాంతం, భూతద్దం ఉంటాయి. ఫ్రేము మీద గోటితో కొట్టి ఏ గొట్టంలో చీలిక ఉందో చెప్పేస్తాడు. మనిషిని నిలబెట్టడం చేతకాని చెవికి వినడం మాత్రం బాగా వచ్చు.

ఆయన రిపోర్టులో పద్నాలుగు గళ్ళుంటాయి. పదమూడింటిలో 'చూశాను', 'కొలిచాను', 'తూచాను' అని రాస్తాడు. పద్నాలుగో గడిలో మాత్రం 'నడిపి చూడటమైనది' అని ఉంటుంది. పెళ్ళైన కొత్తలో ఒకసారి, కొనేవాళ్ళు వచ్చే వేళయిందని ఆయన చెమటలు కక్కుతుంటే, భార్య "ఇలా ఇవ్వండి" అని బండి లాక్కుని వీధి చివరి దాకా తొక్కి వచ్చింది. అప్పటి నుంచి పందొమ్మిదేళ్ళుగా నడిపేది ఆవిడే. ఆ గడిలో అబద్ధం ఒక్క అక్షరం లేదు. నడపడమూ అయింది, చూడటమూ అయింది. ఎవరు అన్నది ఎవరూ అడగలేదు, అంతే. పొద్దున్నే దేవుడి ముందు కూర్చున్నప్పుడు ఒక్కోరోజు ఆయనకి అనుమానం వచ్చేది: దేవుడు వాక్యాన్ని చూస్తాడా, వాక్యం రాసినవాణ్ణి చూస్తాడా? జవాబు రాకపోతే లేచి పనిలో పడేవాడు.

ఆ అనుమానం మళ్ళీ వచ్చిన రోజే పళ్ళ డాక్టరు ఒక టైటానియం రోడ్డు సైకిలు తెచ్చాడు.

"మా బావమరిదిది. నాకు అమ్ముతానంటున్నాడు."

"అయితే ఇంట్లోవాళ్ళదేగా. పరీక్షెందుకండీ?"

"ఇంట్లోవాడు కాబట్టే. మా ఆవిడ ముందు వాణ్ణి నేను ఒక్క మాట అనలేను. మీరైతే కాగితం మీద అంటారు. బాగుందంటే ఆదివారం దీనిమీదే కొండ దిగుతాను."

డాక్టరు వెళ్ళాక కొలతలాయన పని మొదలుపెట్టాడు. ఆ బండికి రంగు లేదు. తుప్పు పట్టని లోహానికి రంగెందుకని చేసినవాళ్ళు అలాగే వదిలేశారు. అయస్కాంతం దాన్ని పలకరించలేదు. వెల్డింగు గీతలు పేర్చిన నాణేల్లా ఒకే తీరుగా ఉన్నాయి. అతికే వేడిలో గాలి తగిలితే టైటానియం నీలం తిరిగి పెళుసవుతుంది. భూతద్దం పెట్టి వెతికినా ఎక్కడా నీలం లేదు. పాత పట్టుగుడ్డతో గొట్టాలన్నీ నిమిరాడు, ఒక్క పోగు పట్టుకోలేదు. వెనక నుంచి ముందుకి దారం చుట్టి కొలిచాడు, రెండు వైపులా వెంట్రుకవాసి తేడా లేదు. పదమూడు గళ్ళూ నిండేసరికి ఆయనకి దాని మీద గౌరవం కలిగింది.

సీటు దించి భార్యకి ఇచ్చాడు. ఆవిడ అరగంటకి బండి నడిపించుకుంటూ వచ్చింది.

"ఊగుతోంది."

"ఏది?"

"ముందు భాగం. మెల్లగా ఉన్నంతసేపు వెన్నలా ఉంది. పై వీధి దిగుడులో వేగం అందుకోగానే హ్యాండిలు వద్దు వద్దని తల ఊపుతోంది."

"చేతులు బిగబట్టావేమో."

"పందొమ్మిదేళ్ళుగా ఇదే పట్టు."

"బండి నీకు ఎత్తెక్కువ..."

"నేను పొట్టినైతే అది ఊగుతుందా?"

ఆయన మళ్ళీ స్టాండు ఎక్కించి, మొదటి గడి నుంచి అన్నీ చూశాడు. ఏమీ దొరకలేదు. దారం తప్పు చెప్పదు. భార్యా తప్పు చెప్పదు. ఇద్దరిలో ఎవరు చెప్పింది రాయాలన్నది తేలక, చివరికి ఇద్దరు చెప్పిందీ రాశాడు.

సాయంత్రం డాక్టరు వచ్చి, రిపోర్టు నిలబడే చదివాడు. పద్నాలుగో గడి దగ్గర ఆగాడు. 'నడిపి చూడటమైనది. దిగుడులో ఊగడమైనది.'

"ఊగడమైనదా?"

"అయిందండీ."

"ఎవరికి?"

కొలతలాయన భూతద్దం తుడవడం మొదలుపెట్టాడు.

"నాలుగేళ్ళుగా తొక్కుతున్నా మా బావమరిది ఊగుతుందని ఒక్కసారీ అనలేదు. రేపు నన్ను నిలదీస్తాడు. మీకు ఎంత వేగంలో ఊగింది?"

"వేగంగా ఉన్నప్పుడు."

"ఎలా అనిపించింది?"

"అనిపించడమైనది..."

"మాస్టారూ, నాకు వ్యాకరణం రాదు. పైనేమో పదమూడు గళ్ళలో బండి బంగారం అన్నారు. అలాంటిదాన్ని వదులుకోవాలంటే ఒక మనిషి చెప్పాలి. చెప్పలేరంటే ఆ ఆఖరి ముక్క కొట్టెయ్యండి. కొండ దిగి నేనే చూసుకుంటాను."

కలం టేబులు మీదే ఉంది. ఒక్క గీత గీస్తే పందొమ్మిదేళ్ళ పేరు నిలుస్తుంది. డాక్టరు ఆదివారం కొండ దిగుతాడు. కింద మలుపులో ఆ హ్యాండిలు తల ఊపడం కొలతలాయన కళ్ళకి కట్టింది. పొద్దున దేవుణ్ణి అడిగిన ప్రశ్నకి జవాబు ఇంత తొందరగా, ఇంత మొహమాటం లేకుండా వస్తుందని ఆయన అనుకోలేదు.

"కొట్టెయ్యనండీ," అన్నాడు. "నడిపింది మా ఆవిడ. నేను ఎక్కలేను. పడిపోతాను."

డాక్టరు రిపోర్టు టేబులు మీద పెట్టాడు.

"ఎప్పటినుంచి?"

"పుట్టినప్పటి నుంచి."

"మీ సంగతి కాదు. ఆవిడ నడపడం."

"పందొమ్మిదేళ్ళు."

"అంటే పోయినేడు నేను కొన్న ఎర్ర బండి?"

"ఆవిడే."

"మా అబ్బాయిది?"

"అదీ ఆవిడే. బాగా నడవడం లేదాండీ?"

"బాగానే నడుస్తోంది," అన్నాడు డాక్టరు, అదే తన బాధ అన్నట్టు. లోపలి గుమ్మంలో తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ ఆవిడ నిలబడి ఉంది. అవి తడారి చాలాసేపైంది.

"చెల్లెమ్మా, ఎక్కడ ఊగింది?"

"మందుల కొట్టు దాటాక, రెండో స్తంభం దగ్గర. మోకాళ్ళతో ఫ్రేముని అదిమితే తగ్గింది. వదిలితే మళ్ళీ మొదలు. మూడుసార్లు దిగాను, మూడుసార్లూ అక్కడే. మీ బావమరిది గారు లావా అండీ?"

"లావంటే... మా ఇంటి గుమ్మంలో పక్కకి తిరిగి వస్తాడు."

"అయితే ఆయన బరువుకి అణిగి ఉంటుంది. మీరు నా అంతే ఉన్నారు. మీకు ఊగుతుంది."

డాక్టరు ఇంకా చాలా అడిగాడు. అన్నీ ఆవిడనే అడిగాడు. ఆలోగా కొలతలాయన పద్నాలుగో గడి కొట్టేసి, పక్కన ఖాళీలో రాశాడు: 'నా భార్య నడిపింది. ఊగిందని చెప్పింది. నేను నమ్ముతున్నాను.' ఆవిడ చదివి, కింద సంతకం పెట్టింది. ఆయన సంతకం కన్నా కొంచెం పెద్దదే వచ్చింది.

డాక్టరు అక్కడి నుంచే బావమరిదికి ఫోను చేశాడు.

"ఊగిందిరా... నడిపినావిడకి... కాదు, ఆయన కాదు. ఆయనకి సైకిలు రాదు."

కొలతలాయన పైకి చూశాడు. పైకప్పు కూలలేదు. ఫోనులోని మనిషి వేరే ఏదో అడుగుతున్నాడు.

"ముందు చక్రం మార్పించి తెస్తాడట," అన్నాడు డాక్టరు ఫోను జేబులో పెట్టుకుంటూ. "మళ్ళీ నడిపి చూడాలట. ఆదివారం కుదురుతుందా?"

"ఆదివారం మా అక్కయ్య వాళ్ళింటికి వెళ్తున్నానండీ," అంది ఆవిడ.

"నేను ఖాళీయే," అన్నాడు కొలతలాయన.

ఇద్దరూ ఆయన వైపు చూశారు.

"సోమవారం పెట్టుకుందామా, చెల్లెమ్మా?" అన్నాడు డాక్టరు.