ఆర్కుట్‌లో రామలింగయ్య శెట్టి

తుంగభద్ర కర్నూల్లోకి వచ్చేసిందని టీవీలో విన్నప్పటి నుంచి కమలాపురంలో రామలింగయ్య శెట్టికి ముద్ద దిగడం లేదు. భార్య అంతకు ముందురోజే కర్నూలు పాతూళ్లో అక్క ఇంటికి వెళ్లింది. ఇప్పుడు అక్కడి ఫోన్లు పలకవు, బస్సులు కదలవు. ఆయన అంగడిలో గల్లాపెట్టె ముందు కూర్చుని అదే నంబరు నొక్కుతూనే ఉన్నాడు.

కడపలో డిగ్రీ చదివే కూతురు శ్రీవాసవి సెలవుకు ఇంటికొచ్చి ఉంది. "నాయనా, నెట్‌లో ఆ ఆర్కుట్ ఉండాదే, దాంట్లో కర్నూలోళ్ల గుంపు ఒకటుండాది. తప్పిపోయినోళ్ల కోసం అందరూ దాంట్లోనే రాస్తాండారు" అంది, భయం భయంగా.

భయానికి కారణముంది. ఆ మధ్య ఆర్కుట్‌లో ఆ పిల్ల ఫొటో చూశామని ఎవరో అంగడికొచ్చి చెబితే, ఈయన ఇల్లెగిరిపోయేలా అరిచి ఆ ఖాతా మూయించాడు. ఇంటి ఆడవాళ్ల పేర్లు ఊరూవాడా చదవడమేమిటని ఆయన బాధ. ఆ మాటకొస్తే కట్టుకున్న భార్య పేరే ఏనాడూ నోటితో పలికిన మనిషి కాదు. 'మా ఇంటామె' అంటాడు, అంతే. ఆమె మాత్రం తక్కువ తిందా? మొగుడి పేరు చెప్పాల్సి వస్తే నవ్వేసి పక్కవాళ్ల వైపు చూస్తుంది. ఇలా ఒకరి పేరు ఒకరు దాచుకుని ఇద్దరూ హాయిగానే కాపురం చేసుకుంటున్నారు.

"వద్దు" అన్నాడు మొదట. మధ్యాహ్నం టీవీలో పాతూరి మిద్దెల అంచులు మాత్రమే నీళ్లపైన కనిపించేసరికి చొక్కా తొడుక్కుని కూతురి కంటే ముందు తానే నడిచాడు.

నరసింహ నెట్ సెంటర్లో కుర్రాళ్లు లేచి కుర్చీలిచ్చారు. కొత్త ఖాతా తెరవాలంది వాసవి. "నీ పేరొద్దు, నాది పెట్టు. అమ్మ పేరు గూడా రాయొద్దు" అన్నాడు. పేరు లేకుండా మనిషిని ఎలా వెతుకుతారని ఆ పిల్ల అడగలేదు. కమలాపురం రామలింగయ్య శెట్టి భార్య వరదలో చిక్కుకుందని, తెలిసినవాళ్లు చెప్పమని రాసింది. ఎవరూ పలకలేదు. పక్కన ఎవరెవరి కబుర్లో వచ్చి పడుతున్నాయి. దొరికారని కొన్ని, లేరని కొన్ని. ఒక్కొక్కటి వాసవి చదువుతుంటే ఆయన ప్రాణం లేచి పడుతోంది.

పొద్దు వాలాక, పాత రాతలు చూసుకుంటూ పోతున్న వాసవి ఒకచోట ఆగింది. ధనుంజయ అనే కర్నూలు విద్యార్థి ఉదయమే రాసిన మాటలవి. 'కడప శ్రీవాసవి ఎవరికైనా తెలుసా? వాళ్లమ్మ మా వీధి కల్యాణమండపంలో తలదాచుకుంది. కూతురు ఆర్కుట్‌లో ఉంటుందని చెప్పింది. వెతికితే దొరకలేదు. భర్త పేరు అడిగితే చెప్పడం లేదు.'

కూతురు తండ్రి మాట విని ఖాతా నిజంగానే మూసేసిందని పాపం ఆ తల్లికి తెలియదు. రామలింగయ్యకు చెంప ఛెళ్లుమన్నట్టయింది. మూయించకుండా ఉంటే ఈ కబురు ఉదయమే అందేది. ఇంతసేపు పడ్డ నరకం చేజేతులా తెచ్చుకున్నదే.

వాసవి గబగబా జవాబు రాసింది. అవతల నుంచి ప్రశ్న వచ్చింది. 'ఇప్పటికి ఇక్కడ వాసవి అనే కూతురున్న అమ్మలు ముగ్గురయ్యారు. అందులో ఒకామెను ఇప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్లారు. మీ అమ్మ పేరేంటి?' శెట్ల ఇళ్లల్లో వాసవులకు కొదవేముంది!

వాసవి వేళ్లు ఆగిపోయాయి. తండ్రి వైపు చూసింది. సెంటర్లో ఉన్నవాళ్లంతా ఆయన వైపే చూశారు.

"సుందరలక్ష్మి" అన్నాడు రామలింగయ్య. పక్కనున్న కూతురికి కూడా వినబడలేదు. ఈసారి అందరికీ వినబడేలా అన్నాడు. "సుందరలక్ష్మి. నాయన చెప్తాండాడని రాయి, పాపా." ఆ పేరు తన గొంతులో ఎలా ఉంటుందో ఆయనకు అప్పుడే తెలిసింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు.

జవాబు రాలేదు. ఆస్పత్రికి తీసుకెళ్లింది ఎవరినో. కరెంటు పోకుండా చూడమని ఆయన తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాడు. చివరికి తెర మీద అక్షరాలు కనబడ్డాయి. వాసవి చదువుతూ ఏడుస్తూ నవ్వేసింది.

'ఇక్కడే ఉంది, బాగుంది. మీ నాన్నగారు పేరు చెప్పారంటే నమ్మడం లేదు. నిజంగా ఆయనే చెప్పారా అని అడగమంటోంది.'

రామలింగయ్య కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"నా పేరు తీసేసి నీ ఖాతా తెరువు, పాపా. నీ పేరుతోనే రాయి. ఆయనే చెప్పినాడని రాయి. మళ్లా చెప్పమంటే మళ్లా చెప్తాడని రాయి."