రంగం నుంచి వచ్చిన ఎర్రపళ్లు

గంగయ్య ఓడ మీద రంగం, అంటే రంగూన్, వెళ్లి తెచ్చిన ఎండుపళ్లతో అతని తల్లి నూకమ్మకు ఏళ్లనాటి దగ్గు తగ్గింది. మిరియమంత ఎర్రటి పళ్లు. నోట్లో వేసుకుంటే ముందు పులుపు, తర్వాత తీపి, చేదు, కారం, చివరికి ఉప్పు కూడా తగిలేది. చీనా దేశపు మందట. కొడుకు మళ్లీ ఓడెక్కగానే నూకమ్మ కోరంగి రేవంతటికీ వైద్యురాలైపోయింది.

"దగ్గుకీ, నీరసానికీ, నిద్దర పట్టనోళ్లకీ మంచిది. కడుపుతో ఉన్నోళ్లు మాత్రం ముట్టుకోకూడదని అమ్మినాయన మరీ మరీ చెప్పాడంట," అని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేది. ఆ జాగ్రత్త ఒక్కటీ మెచ్చుకోవాలి.

ఇంతలో కోడలు వీరవేణికి దగ్గు పట్టుకుంది. తిండీ సయించడం లేదు. ఒక పొద్దున చేపలు ఎండబెట్టే దిబ్బ మీద, నలుగురు ఆడవాళ్ల ముందు, నూకమ్మ ఆ పళ్ల కషాయం తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"వద్దత్తా."

"ఊరందరికీ పనికొచ్చిన మందు నీకు పనికిరాదేంటే?"

వీరవేణికి నాలుగో నెల. అయిదో నెల వచ్చేదాకా ఆ మాట పైకి చెబితే దిష్టి తగులుతుందని వాళ్ల నమ్మకం. కిందటిసారి ఆమె సంతోషం పట్టలేక ముందే చెప్పేసింది. కడుపు నిలవలేదు. "నీ నోరే నీ బిడ్డని తినేసింది," అంది నూకమ్మ అప్పుడు. అందుకే ఈసారి అత్తకు కూడా తెలియనివ్వకుండా, నెలనెలా ముట్టయి బయట చేరినట్టే పాకలో చాప వేసుకుని పడుకుంది. ఇప్పుడు చెప్పినా భయమే, తాగినా భయమే.

గిన్నె పెదాల దాకా వెళ్లి ఆగింది.

"నాకు నాలుగో నెలత్తా," అనేసి, రెండు చేతులతో నోరు మూసుకుని ఏడ్చింది.

నూకమ్మ గిన్నె లాక్కుని కషాయం ఇసకలో పారబోసింది. "నాకైనా చెప్పొద్దటే! తాగేసుంటే ఏమయ్యేది?" అని కేకలేసింది.

"చెబితే మళ్లీ నా నోరే తినేసిందంటావుగా," అంది వీరవేణి చేతుల చాటునుంచే.

అంత గయ్యాళి నూకమ్మా కోడలి చేతులు పట్టుకుని నోటి మీంచి కిందికి దించింది.

"నీ నోరు ఏ పాపం చెయ్యలేదమ్మా. ఏడుపులో నేనన్న మాట అది. అనకుండా ఉండాల్సింది."

తర్వాత దిబ్బంతా వినబడేలా అరిచింది.

"మా పిల్లకి నాలుగో నెల! చెబుతున్నది నేనే. ఏదన్నా అయితే నా నోటినే అనండి."