చేపలింటి చెల్లెలు

మా ల్యాబ్‌లో ఒక వాడుక ఉంది. ఎప్పుడో ఒకే జన్యువు రెండై, ఆ రెండూ ఒకే ఒంట్లో మిగిలితే వాటిని అక్కాచెల్లెళ్ళు అంటాం. పాడు మాట! అదే నా కొంప ముంచింది.

మా అక్క కొడుకు బుడ్డోడికి పుట్టుకతోనే ఒక జన్యువు చెడింది. కండలు కరిగిపోతున్నాయి. మొన్నటిదాకా సోఫా మీంచి దూకి నా ప్రాణం తీసిన వెధవ, ఇప్పుడు చెంచా ఎత్తలేడు.

నేను ల్యాబ్‌లో చేపల తొట్లు చూస్తాను. చేపకీ మనకీ పాత పూర్వీకులు ఒకరే కాబట్టి, వాడి ఒంట్లో చెడిన జన్యువే చేపలోనూ ఉంది. దాన్ని కావాలని చెడగొట్టాం. చేప చావలేదు సరికదా, తొట్టంతా చక్కర్లు కొట్టింది! చెడిన జన్యువు పనిని దాని చెల్లెలు అందుకుంది. చేపకుంటే మనకీ ఉంటుందని నాకు నేనే తేల్చేసుకున్నాను. ఒక్కసారి సరిచూసుకుంటే నా సొమ్మేం పోయేది? ఊహూఁ. ఉబ్బితబ్బిబ్బై అక్కకి ఫోన్ చేశాను.

"వాడి ఒంట్లోనే అలాంటి జన్యువు ఇంకోటుందే! అక్కకి బాగోకపోతే చెల్లెలు చూసుకోదూ?"

అక్క ఆనందం పట్టలేక ఫోన్లోనే భోరుమంది. ఆ సాయంత్రమే వాడికి చేప సంగతి చెప్పి, కొత్త బూట్లు కొనుక్కొచ్చింది.

మర్నాడు మా ల్యాబ్ మేడమ్‌కి చెబితే ఆవిడ నావైపు జాలిగా చూసింది.

"ఆ చెల్లెలు చేపలింట్లో పుట్టిందమ్మా, మనవీ వాటివీ వేరు కాపురాలయ్యాక. మనకున్నది అక్క ఒక్కతే."

అక్క ఇంటికెళ్ళి గుమ్మంలోనే చెప్పేశాను. కూర్చుంటే నోరు పెగలదని భయం. అక్క తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అంటే వాడికి చెల్లెలే లేదా?" అంది.

"లేదక్కా."

"మరి నువ్వు ఉందన్నావుగా?"

సిగ్గుతో చచ్చిపోయాను.

లోపల్నించి బుడ్డోడు కేకేశాడు. "పిన్నీ, మన చేప ఇంకా ఈదుతోందా?"

"ఈదుతోందిరా."

"అయితే నాకు బూట్లు తొడుగు. చూసొద్దాం."

అక్క మొహం తిప్పుకుంది. నేను కింద కూర్చుని, వేలాడే ఆ కాళ్ళకి బూట్లు తొడిగి, లేసులు గట్టిగా కట్టాను.