ఒంటి చెప్పు

కాపలావాడు బూటు కాలితో ఆ చెప్పుని వరసలోంచి తన్నేశాడు. అది ఎగిరి మురికికాలవ పక్కన బోర్లా పడింది.

"మనిషి లేకుండా చెప్పేంటి? అదీ ఒక్కటే! ఎవడిది?"

"మా ఆయనది బాబూ," అంటూ కాజాల అక్క పరుగెత్తింది. రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకి కాజాలు కుడుతుంది కాబట్టి అందరూ ఆమెనలాగే పిలుస్తారు. చెప్పుని తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ దాని చోట పెట్టింది. "ఒక్కటే ఉంటుంది. ఆయనకున్నది ఒక్క కాలే."

వికలాంగుల పింఛనుకి డాక్టరు చూసి సర్టిఫికెట్ ఇచ్చే ఆఫీసు అది. నిలబడలేనివాళ్ళని పొద్దంతా నిలబెట్టి, నువ్వు నిలబడలేవని రాసిచ్చే చోటు. అందుకే అక్కడ ఒక పద్ధతి పుట్టింది. చేతగాని మనిషి రేకుల షెడ్డు కింద పడుకుంటాడు, అతని చెప్పులు వరసలో ఉంటాయి. వెనకున్నవాళ్ళు అడుగు వేసినప్పుడల్లా వాటినీ కాలితో ముందుకి జరుపుతారు. ఎంత తొందరున్నా ఎవరూ ఇంకొకరి చెప్పుల్ని దాటిపోరు. ఈ చట్టం సర్కారు చేసింది కాదు, కాళ్ళు లేనివాళ్ళు చేసుకున్నది.

ఆమె మొగుడు ఇనుము మిల్లులో క్రేన్ కింద దిమ్మెలకి గొలుసులు తగిలించేవాడు. గొలుసు అరిగిపోయింది, మార్చమని కూలీలంతా మొత్తుకున్నారు. ఇంకొన్నాళ్ళు లాగండన్నాడు కాంట్రాక్టరు. గొలుసు తెగి దిమ్మె కాలి మీద పడ్డాక, వాడసలు మా మనిషే కాదన్నాడు.

ఆఫీసుకి మొదటిసారి వస్తే ఎముకల డాక్టరు సెలవు. తర్వాత కంప్యూటర్ మొరాయించింది. ఆ తర్వాత చూసినాయన 'తాత్కాలికం' అని రాసి, కొన్నాళ్ళు పోయాక మళ్ళీ రమ్మన్నాడు.

"ఎందుకండీ, ఈలోగా మొలుస్తుందేమోననా?" అని అడిగాడు మిల్లు మనిషి. నోటి దురుసు తగ్గించుకోమన్నారు.

కాలు మొలవలేదు. తెగిన చోట పుండు లేచింది. పెద్దాసుపత్రిలో ఉచితంగా చేర్చుకోవాలంటే ఆ సర్టిఫికెట్టే కావాలన్నారు. అందుకని ఆ రోజు ఒళ్ళు కాలిపోతున్న మనిషిని తోపుడుబండి మీద పడుకోబెట్టి తెచ్చింది కాజాల అక్క. అది చేతికొస్తే సాయంత్రానికి ఆసుపత్రి మంచం దొరుకుతుంది. ఆమెకి కావలసింది అంతే.

"ఒక్కసారి డాక్టరుగారిని షెడ్డు దాకా రమ్మనండి బాబూ," అని బతిమాలింది.

"డాక్టరుగారు బయటికి రారు. మనిషే లోపలికి రావాలి. రూలు!" అన్నాడు కాపలావాడు.

చెప్పుకి వెనకే ఉన్నవాడు వెల్డరు. నిప్పురవ్వలు రెండు కళ్ళూ తినేశాయి. కర్రతో తడిమి, చెప్పు తగిలాక పాదంతో మెల్లగా ముందుకి నెడుతున్నాడు. "నా చెప్పులన్నా వెనకబడతాయేమో గానీ బావ చెప్పు ఆగదక్కా," అన్నాడు.

షెడ్డు కింద మిల్లు మనిషి కళ్ళు తెరిచాడు. "నా చెప్పు ఎందాకా వచ్చిందే?"

"కిటికీ దాటిందయ్యా."

"నాకంటే అదే నయం. నడుస్తోంది." నవ్వబోయి దగ్గాడు. "గుమ్మం దగ్గరికొచ్చాక లేపు."

అతని కళ్ళు మూతలు పడ్డాయి. మూలుగు ఆగింది. ఎన్నాళ్ళుగానో నొప్పితో కన్ను మూయని మనిషి. కాజాల అక్క ప్రాణం లేచొచ్చింది. పక్కనే కూర్చుందామనుకుంది గానీ, కాపలావాడు చెప్పుని మళ్ళీ తన్నేస్తాడేమోనని వరసలోకే వెళ్ళి నిలబడింది.

"పడుకున్నాడు, నిద్ర పట్టింది," అంది అందరితో, అదేదో పండగ కబురైనట్టు.

ఆ మాట వరస చివరిదాకా పాకింది. చోటు కోసం తగువులాడుకుంటున్న ఇద్దరు నోరు మూసుకున్నారు. చంకకర్రల ముసలమ్మ కర్రలు టకటకలాడకుండా ఎత్తి ఎత్తి వేసింది. దగ్గొచ్చినవాళ్ళు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నారు. ఒక మనిషి నిద్ర కోసం అంతమంది గుసగుసల్లో బతికారు ఆ మధ్యాహ్నమంతా.

చెప్పు గుమ్మం చేరింది.

కాజాల అక్క షెడ్డుకి పరుగెత్తింది. "లే, నీ వంతొచ్చింది. లేవయ్యా." భుజం పట్టుకుని కుదిపింది. జ్వరంతో సెగలు కక్కిన ఒళ్ళు చల్లగా ఉంది. ఆమె పెట్టిన కేకకి వరస మొత్తం విరిగి షెడ్డు చుట్టూ మూగింది.

డాక్టరు అప్పుడొచ్చాడు బయటికి. నాడి చూశాడు, కనురెప్పలెత్తి చూశాడు. "పోయి చాలాసేపయింది. తీసుకెళ్ళండమ్మా. ఈ దరఖాస్తు ఇక రద్దయిపోతుంది. మీరు వితంతువుల కౌంటర్లో కొత్తగా పెట్టుకోండి." లోపలికి పోయి కూర్చున్నాడు. "తర్వాత ఎవరు?"

తర్వాత వెల్డరే. అతనూ ఎన్నోసార్లు వెనక్కి పోయినవాడే. ఇంటి దగ్గర పెళ్ళాం ఈ రోజైనా పని అవుతుందని చూస్తోంది. అతను కర్రతో నేల తడిమాడు. చెప్పు తగిలింది. ఆగిపోయాడు.

"నా ముందు మనిషి ఉన్నాడు. ఆయన్ని చూడందే నేను రాను."

"పిచ్చెక్కిందా? ఆయన పోయాడయ్యా!" అన్నాడు డాక్టరు.

"ఎలా పోయాడో రాయండి. గొలుసు సంగతి రాయండి, ఇన్నిసార్లు తిప్పిన సంగతి రాయండి. లేవలేనివాళ్ళ దగ్గరికి మీరే వస్తామని రాసివ్వండి. అందాకా ఈ చెప్పుని దాటను."

"ఇంకొకళ్ళు రండి! ఎవరొస్తే వాళ్ళని చూస్తాను!"

ఎవరూ కదల్లేదు. చంకకర్రల ముసలమ్మ వణుకుతూనే తన చెప్పులు విడిచి ఆ ఒంటి చెప్పు వెనక పెట్టింది. "నేనింక ఎన్నాళ్ళుంటానో తెలీదు నాయనా. అయినా దాటను." ఒకరి వెనక ఒకరు విడిచారు. గుమ్మం నుంచి గేటు దాకా చెప్పులే.

"గొడవ చెయ్యకండి, నెమ్మదిగా మాట్లాడండి," అన్నాడు కాపలావాడు.

అప్పుడు లేచింది కాజాల అక్క. ఏడుపు ఆగలేదు, ఆపుకోనూ లేదు.

"నెమ్మదిగానే ఉన్నాం! నిద్ర చెడుతుందని దగ్గు కూడా మింగాం! మేం నెమ్మదిగా ఉన్నంతసేపూ నా మొగుడు చస్తూనే ఉన్నాడు. ఎవడూ పక్కన లేడు. నేనూ లేను. నీ బూటుకి భయపడి చెప్పుకి కాపలా కాశాను!"

ఆ మాటకి వరస గొంతు విప్పింది. ఆఫీసు కిటికీలు ఒక్కొక్కటే మూసుకున్నాయి.

పోలీసు వ్యాన్ వచ్చింది. ముందుగా వెల్డరు చెయ్యి పట్టుకున్నారు. కర్ర లాక్కున్నారు. చెప్పులు వేసుకోమన్నారు.

"అవి వరసలో ఉన్నాయి. ఉండనీండి," అని వట్టికాళ్ళతో వ్యాన్ ఎక్కాడు. అతని వెనక ఎక్కడానికి అంతా తోసుకున్నారు, ఎక్కలేనివాళ్ళని మిగతావాళ్ళు ఎత్తి ఎక్కించారు. అప్పుడే షిఫ్ట్ దిగి ఆ దారిన పోతున్న మిల్లు కూలీలు గేటు దగ్గర ఆగి సంగతి విన్నారు. నలుగురు వచ్చి తోపుడుబండి పట్టుకున్నారు. మిగిలినవాళ్ళు చెప్పుల వెనక నిలబడ్డారు.

కాజాల అక్క బండి వెంట నడిచింది. గుమ్మం దగ్గర వంగి ఒంటి చెప్పుని తీసుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇది ఇక్కడే ఉంటుంది," అంది కాపలావాడితో. "ఇంకోసారి తన్ని చూడు."

అతను చెప్పుల వరస వైపు చూశాడు. వాటి వెనక నిలబడ్డ మనుషుల్ని చూశాడు. బూటు కాలు వెనక్కి తీసుకున్నాడు.