తొమ్మిది అంగల లెక్క

వంటింట్లో గిన్నెలు కడిగిన నీళ్లు వదిలితే అవతల స్నానాలగది తూములో గుడగుడమని చప్పుడై, అన్నం మెతుకులు పైకి తేలాయి. ఇక్కడ పోసింది అక్కడెందుకు తేలాలి? కోడలికి కాలు నిలవలేదు. ఇంట్లో ఉన్న కుళాయిలన్నీ ఒక్కొక్కటే తిప్పి చూసింది. ఏది తిప్పినా స్నానాలగదే కక్కుతోంది.

మర్నాడు వచ్చిన ప్లంబరు మొదట అడిగింది కూడా అదే.

"ఒక్కచోటే ఆగుతోందామ్మా, అన్నిచోట్లా?"

"అన్నిచోట్లా, అన్నా. అన్నిటికంటే పల్లంలో ఉన్న తూములోంచి పైకి తంతోంది."

"అయితే రోగం పిల్ల గొట్టాల్లో లేదు. తల్లి గొట్టంలోనే ఉంది."

ఇంటి వెనక మురుగు చాంబరు మూత లేపితే అంచుదాకా నిండి ఉంది. వీధివైపు చాంబరు మూత లేపితే అడుగు ఆరిపోయి ఉంది. కోడలు రెంటిలోకీ వంగి చూసింది.

"ముక్కు మూసుకో తల్లీ," అన్నాడు ప్లంబరు.

"ముక్కు మూసుకుంటాను గానీ కళ్లు మూసుకోను. అంటే అడ్డం ఇంటి కిందేనా?"

ఇంటి కింద అన్నమాట చెవిన పడగానే వసారాలో ఉన్న మావగారు లేచొచ్చాడు. నలభై ఏళ్లు తాపీపని చేసిన మేస్త్రీ. ఈ ఇల్లు కట్టింది ఆయనే, ఆ గొట్టం వేసిందీ ఆయనే. హాల్లో మొహం కనపడేంత నున్నగా ఉన్న నల్లగచ్చును మోకాళ్ల మీద కూర్చుని నెల్లాళ్లు రుద్దిందీ ఆయనే. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి. గచ్చు పగిలితే అలాంటిది మళ్లీ వేయలేడు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు.

ప్లంబరు గొట్టంలోకి తీగ తోశాడు. కొంతదూరం పోయి మొండికేసింది. దాన్ని బయటికి లాగి, హాల్లో పరిచి చూశాడు.

"సుమారుగా ఇక్కడ. లోపల తీగ మెలికలు పడుతుంది కాబట్టి ఖాయంగా చెప్పలేను. ఈ కుర్చీ నుంచి ఆ కిటికీ దాకా బారుగా తవ్వితే ఎక్కడున్నా దొరుకుతుంది."

"ఊరంతా తవ్వితే నిధి కూడా దొరుకుతుంది," అన్నాడు మేస్త్రీ. "నేను వేసిన గొట్టం చెడితే అతుకు దగ్గరే చెడాలి. ఇంటి కింద ఉన్నది ఒకటే అతుకు. వెనక గుమ్మానికి తొమ్మిది అంగలు. నిద్రలో లేపి అడుగు, అదే చెబుతాను."

"టేపుతో కొలిచారా మేస్త్రీగారూ?"

"టేపు ఎక్కడైనా పారేసుకుంటాం. కాళ్లు పారేసుకుంటామా?"

గుమ్మానికి మడమ ఆనించి తొమ్మిది అంగలు వేశాడు. ఆగినచోట సుద్దముక్కతో గీత గీశాడు. ప్లంబరు ఉలిదెబ్బ వేసినప్పుడల్లా ఆయన కనురెప్పలు అదిరాయి. మూరెడు చదరం పగిలింది. కింద పొడిమట్టి. దాని కింద బొమికలా తెల్లగా, అతుకనేదే లేని గొట్టం.

అత్తగారు వంటింటి గుమ్మంలోంచి తొంగిచూసింది. "పెళ్లయిన కొత్తలో సినిమాకని బయల్దేరదీసి రైల్వేస్టేషన్లో తేల్చిన మనిషి. ఈయన లెక్క నమ్మారా మీరు?"

ప్లంబరు సుత్తి తీసుకుని కుర్చీ పక్కకు జరిపాడు.

"ఒక్క నిమిషం ఆగన్నా," అంది కోడలు. "అతుకు ఉందన్నది అబద్ధం కాదు. మరి ఎటుపోయింది?"

గచ్చు మీద సిమెంటుదుమ్ము పరుచుకుని ఉంది. అందులో గుంత చూడ్డానికి వచ్చిన మావగారి పాదాల అచ్చులు. ఒక పాదం వేళ్లకూ రెండో పాదం మడమకూ మధ్య జానెడు ఎడం కూడా లేదు. ఆమె వాటిని చాలాసేపు చూసింది.

"మావయ్యా, గేటు నుంచి వెనకగోడకు ఎన్ని అంగలు?"

"ముప్పై. స్థలం కొన్నరోజు కొలిచాను."

"ఇప్పుడోసారి నడవండి."

"గోడేమన్నా లేచిపోయిందా?"

"నడవండి మావయ్యా, నాకోసం."

ఆయన సణుగుతూ నడిచాడు. ఆమె వెనకాలే పైకి లెక్కపెట్టింది. ముప్పై అనేసరికి ఇంకా నీళ్లతొట్టి దగ్గరే ఉన్నాడు. గోడ తగిలేసరికి నలభై. ఆయన గోడను చూశాడు, తన కాళ్లను చూసుకున్నాడు.

"దొంగమొహం మోకాళ్లు," అన్నాడు మెల్లగా. "చెప్పకుండా అంగ తగ్గించేశాయి."

"ముప్పైకి నలభై అయితే, తొమ్మిదికి పన్నెండు."

పన్నెండో అంగ ప్లంబరు తీగ ఆగినచోటికి జానెడు ఇవతల పడింది. "ఇక బారు తవ్వకం అక్కర్లేదు," అన్నాడు ప్లంబరు. ఈసారి కింద బురదే. అతుకు దగ్గర గొట్టం ఉయ్యాలలా కుంగి, ఆ కుంగులో ఏళ్లనాటి జిడ్డు గట్టిపడి కూర్చుంది.

"గొట్టం మంచిదే. కింద నేలే దిగిపోయింది," అన్నాడు ప్లంబరు.

మేస్త్రీ గోడకు చేరగిలబడ్డాడు. "ఇక్కడో పాత సున్నపుగుంత ఉండేది. వర్షాలు తరుముకొస్తున్నాయని మట్టి పోసి, దిమ్మిస కొట్టి గట్టిచేయకుండానే గొట్టం వేశాను. ఎవరు చూస్తారులే అనుకున్నాను."

కుంగిన ముక్క కోసేశారు. గట్టినేల తగిలేదాకా తవ్వి, కంకర నింపి, దిమ్మిసతో కుమ్మారు. కొత్త ముక్క పెడుతూ ప్లంబరు వాలు సరిచూస్తుంటే, ఇంకాస్త వాలిస్తే ఇంకా తొందరగా పోతుంది కదా అని కోడలు అడిగింది.

"నీళ్లు పరుగెత్తిపోతాయి తల్లీ. గట్టి సరుకు వెనకబడి గొట్టంలోనే ఉండిపోతుంది."

బకెట్లకొద్దీ నీళ్లు వదిలి, అతుకులు చెమ్మగిల్లలేదని చేత్తో తడిమి చూశాకే మట్టి కప్పారు.

ఇక మిగిలినవి గచ్చులో రెండు చదరాలు. మేస్త్రీ తన తాపీ తెచ్చి కోడలి చేతిలో పెట్టాడు.

"నాకు రాదు మావయ్యా."

"నాకు నోరుంది, నీకు చెయ్యి ఉంది. కానియ్యి. అదేమిటి, పిల్లాడికి సబ్బు రుద్దుతున్నావా? మణికట్టు తిప్పు. అద్గదీ."

సాయంత్రానికి రెండు చదరాలూ నిండాయి. నునుపు రాలేదు గానీ ఎత్తుపల్లాలు లేవు. ఆయన అరచేత్తో తడిమి, తలాడించి, రేపు మళ్లీ రుద్దాలన్నాడు. ఆమె తాపీ కడుగుతూ ఆగింది.

"మావయ్యా, అలా పూడ్చినవి ఈ ఇంటి కింద ఇంకేమైనా ఉన్నాయా?"

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తుడుచుకోవడం ఎంతకీ తెమల్లేదు.

"పడగ్గది కింద ఒక బావి ఉండేదిలే," అన్నాడు. "చిన్నదే."