వేణువు లేని ఆల్బమ్

నా కుర్చీలో కూర్చున్నవాడు అబద్ధమాడడు. మెడ మీద కత్తి ఉండగా అబద్ధమాడే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? ఆఫీసులో అవమానం, అల్లుడి పిసినారితనం, ఇంట్లో సాగని పంతం, అన్నీ గడ్డం నురగతో పాటు కిందికి జారిపోతాయి. ఈ వీధిలో సగం గుట్లు నా అద్దానికి తెలుసు. ఈ మాట నేనే గొప్పగా నలుగురిలో చెప్పుకుని తిరిగేవాణ్ణి. అదే నా కొంప ముంచింది.

మా చెల్లెలు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, కొత్త ఆల్బమ్ ఎల్లుండి వస్తోంది. నీ షాపులో వెయ్యి. వాయించింది నేనని మాత్రం ఎవరికీ చెప్పకు. నీ కుర్చీలో అందరూ నిజమే చెప్తారంటావుగా. వాళ్ళు ఏమన్నారో ఉన్నదున్నట్టు నాకు చెప్పు."

సరేనన్నాను. అనక ఏం చేస్తాను?

ఆల్బమ్ ఎవరిదో చెప్పాలి కదా. మా షాపులో ఆయన్ని పెద్దాయన అంటాం. ఆయన పాటలు తప్ప నా స్పీకర్లో ఇంకోటి మోగదు. జుట్టు పెరగకపోయినా పాటల కోసం వచ్చి బల్ల మీద కూర్చునేవాళ్ళున్నారు. పాడేది పెద్దాయనే అయినా, ఆ పాటలకు ప్రాణం పక్కనే మోగే వేణువు. ఆయన ఒక మాట పాడి ఆగితే, ఆ మాటకు అర్థం వేణువు చెప్పేది. వేణువు వాయించే ఆయనకు వయసు మీదపడి చేతులు వణకడం మొదలైంది. ఇంటిపట్టున ఉండిపోయాడు. ఆ తర్వాత చాలాకాలం పెద్దాయన నోరు విప్పలేదు. ఇప్పుడు విప్పాడు. వేణువు ఉండే చోట క్లారినెట్ పెట్టాడు. ఆ క్లారినెట్ మా చెల్లెలిది.

తను వేరే ఊళ్ళో స్కూలు పిల్లలకు బ్యాండు నేర్పుతుంది. ఎక్కడో పిల్లల కార్యక్రమంలో తను వాయిస్తుంటే పెద్దాయన విని కబురు పెట్టాడట. సెలవు పెట్టి వెళ్ళి ఆల్బమ్ పూర్తి చేసి వచ్చింది. ఇప్పుడాయన ఊరూరా కచేరీలు చేస్తాను, ఏడాది పాటు నాతో ఉండాలమ్మా అంటున్నాడు. స్కూలువాళ్ళేమో ఇంక సెలవు లేదు, ఉంటే ఉండు, పోతే పో అంటున్నారు. ఇద్దరికీ వచ్చే మంగళవారం జవాబు చెప్పాలి.

"ఆయన అభిమానులకే నేను నచ్చకపోతే ఏ మొహం పెట్టుకుని స్టేజీ ఎక్కను? చేతిలో ఉన్నది వదులుకుని నవ్వులపాలు కావడమెందుకు? వాళ్ళు సరేనంటే వెళ్తాను, లేదంటే బుద్ధిగా పిల్లలతో ఉంటాను" అంది.

ఈ సంగతి ఇంట్లో నాకూ మా ఆవిడకూ తప్ప ఎవరికీ తెలియదు. ఇక్కడ తనని అందరూ చిట్టి అనే ఎరుగుదురు. ఆల్బమ్ మీద పడింది అసలు పేరు. ఆ పేరు ఒక్కోసారి నాకే గుర్తుండదు.

ఆల్బమ్ వచ్చిన రోజు పొద్దున్నే కుర్చీలో కూర్చున్నది మా బావ. మేనత్త కొడుకు, సిటీ బస్సు డ్రైవరు. పెద్దాయన పాటల్లో ఏది ఏ ఆల్బమ్‌లోదో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. ఆయనకు చెప్తే ఆ బస్సెక్కిన వాళ్ళందరికీ చెప్పినట్టే, అందుకే ఆయన దగ్గర మరీ జాగ్రత్తగా ఉన్నాను. గడ్డానికి నురగ పట్టించి పాట పెట్టాను. పెద్దాయన గొంతు వచ్చింది. బావ కళ్ళు మూసుకుని చిరునవ్వు నవ్వాడు. తర్వాత క్లారినెట్ వచ్చింది. బావ కళ్ళు తెరిచాడు.

రెండో పాట సగం అయ్యేదాకా ఓపిక పట్టి, నేను కత్తి తుడవడానికి చెయ్యి తీయగానే అన్నాడు.

"ఏంటి బామ్మర్దీ ఇది? సందులో ఎవరిదో గేదె తప్పిపోయినట్టుంది."

నా చేతిలో కత్తి ఉంది. ఆ సంగతి బావకి గుర్తులేదు, నాకుంది. పళ్ళు బిగబట్టి, "కొత్తది కదా బావా, అలవాటు పడాలి" అన్నాను.

"గేదెకి అలవాటు పడటమేంటి? ఆ వేణువు పెద్దమనిషి ఎక్కడున్నాడో కనుక్కుని, చేతులు పట్టుకోవడానికి ఇద్దరు మనుషుల్ని పెట్టైనా వాయింపించాల్సింది."

ఆ రోజు బావ మీసం చివర్లు ఎప్పటికన్నా ఒక పిసరు పొట్టిగా వచ్చాయి. కావాలని చేశానని నేను ఒప్పుకోను.

మధ్యాహ్నం మందుల షాపు కుర్రవాడు వచ్చాడు. వాడికి బ్రహ్మాండంగా నచ్చింది. "అన్నా, ఆ వేణువు మా నాన్న కాలం నాటిది. ఇది వింటే ఒళ్ళు బరువు దిగినట్టుంది. షాపులో కూడా పెట్టేశా" అన్నాడు. వాడు అడగకుండానే తలకు నూనె పెట్టి మర్దన చేశాను. వాడు లేచి డబ్బు తీస్తుంటే మర్దనకు వద్దన్నాను. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు, ఇక్కడ కాకిపిల్లని మెచ్చుకున్న ప్రతివాడూ కాకికి ముద్దే.

సాయంత్రం లెక్కల మాస్టారు. ఆయన తక్కువ మాట్లాడే మనిషి, అంచేత ఆయన మాటకు విలువ ఎక్కువ. గడ్డం కింద కత్తి ఆడుతున్నప్పుడు మా షాపులో మాటలు నిషేధం. ఏదైనా కావలిస్తే గుడ్డ కింద వేలు కదపాలి. నాలుగో పాట నడుస్తోంది. గుడ్డ కింద మాస్టారి బొటనవేలు పైకి లేచింది. నా గుండె పొంగింది. కాసేపటికి మళ్ళీ లేచింది. ఆ తర్వాత కొండలా నిలబడిపోయింది. నేను నవ్వుతూ తలాడిస్తూ గడ్డం పూర్తి చేశాను. గుడ్డ తీయగానే ఆయన ముక్కు తుడుచుకుని, ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. అంత లీనమైపోయారనుకున్నాను.

ఇంటికి వెళ్ళి చెల్లెలికి ఫోన్ చేశాను. మందుల షాపు వాడన్నది అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. మాస్టారు వేలెత్తి మెచ్చుకున్నారని చెప్పాను.

"మరి బావ?"

"బావకి... ఊరి వాతావరణం గుర్తొచ్చిందట."

"నిజంగా?"

"నిజంగా."

ఫోన్ పెట్టేశాక మా ఆవిడ నా వంక చూసింది. "ఏవండీ, అందరూ అంత మెచ్చుకుంటే మీ మొహం అలా ఉందేం?" అంది. పన్ను సలుపుతోందన్నాను.

సలిపేది పన్ను కాదు. ఆ ఆల్బమ్ నాకు నచ్చలేదు. చెల్లెలు వాయించింది కాబట్టి నచ్చాలని మూడు పూటలా విన్నాను. గల్లాపెట్టె దగ్గర విన్నాను, వంటింట్లో విన్నాను. వేణువు గలగలా పరిగెత్తే చోట క్లారినెట్ ఆయాసపడుతూ వెంటపడుతున్నట్టుంది. బావ మీద అంత కోపం ఎందుకొచ్చిందంటే, ఆయన చెప్పింది నాకూ తోచింది కాబట్టి. నా కడుపులో ఉన్నమాట ఇంకొకడు బయటికి అంటే మండదూ?

రెండు రోజులకు మాస్టారు మళ్ళీ వచ్చారు. కూర్చుంటూనే, "ఇవాళైనా కాస్త చూసి గియ్యవయ్యా. మొన్న ముక్కులోకి నురగ పోయింది, తుడవమని వేలు ఎత్తీ ఎత్తీ చచ్చాను. నువ్వేమో నవ్వుతూ నిలబడ్డావు" అన్నారు.

వేలెత్తితే పని ఆపాలన్న రూలు పెట్టింది నేనే. మెప్పు కోసం మొహం వాచి, నా రూలు నేనే మరిచిపోయాను.

"మరి పాటలు ఎలా ఉన్నాయి మాస్టారూ?"

"ఊపిరాడనప్పుడు పాటలేం వింటాను? తర్వాత ఇంట్లో విన్నాను. తప్పు పట్టడానికేం లేదు. మనసుకి మాత్రం ఎక్కలేదు."

మంగళవారం మా షాపుకి సెలవు. చెల్లెలు పొద్దున్నే బస్సు దిగి తిన్నగా షాపుకే వచ్చింది. తన జుట్టు చిన్నప్పటి నుంచీ నేనే కత్తిరిస్తాను, ఇంకొకరి కత్తెర ముట్టనివ్వదు. షట్టరు సగం ఎత్తి, లోపల తొట్టి దగ్గర కూర్చోబెట్టి తల వంచి నీళ్ళు పోస్తున్నాను. తను రెండు ఫోన్లు చెయ్యాలి ఆ రోజు. ఒకటి స్కూలుకి, ఒకటి పెద్దాయనకి. ఏ ఫోన్లో ఏం చెప్తుందో నా మాట మీద ఆధారపడి ఉంది.

అప్పుడే షట్టరు కింద నుంచి బావ దూరి వచ్చాడు.

"సెలవు రోజు కూడా బేరమేనా బామ్మర్దీ? నా గొడుగు మరిచిపోయాను" అంటూ మూలన వెతికి, గొడుగు తీసుకుని ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. "వారమంతా బస్సులో వేశాను. మనం ఎన్ని అనుకున్నా పెద్దాయన కదా, ఇంకో అవకాశం ఇద్దామని. ఊహూ. గేదె గేదే."

నేను కళ్ళతో సైగ చేశాను. కనుబొమ్మలు ఎగరేశాను. బావకి నా మొహం మీద ఈగ వాలిందనిపించిందేమో, తోలబోయాడు.

తొట్టిలోంచి తల లేచింది. నీళ్ళు కారుతున్న జుట్టు వెనక్కి తోసుకుని, "ఏ పాటలో ఎక్కువ బావా, గేదె?" అంది మా చెల్లెలు.

బావ మా చెల్లెలి వంక చూశాడు, నా వంక చూశాడు. చెల్లెలి పక్కన బల్ల మీద ఉన్న నల్లటి క్లారినెట్ పెట్టె వంక చూశాడు. ఎన్నో మలుపుల్లో బస్సు తిప్పినవాడికి ఆ మలుపు మాత్రం తిరగలేదు.

"మరదలా... నువ్వా వాయించింది? నేననేది ఏంటంటే... గేదె అంటే, అదొక గంభీరమైన..."

"ఇప్పుడు మాట మారిస్తే చెల్లదు బావా. చెప్పు, ఏమీ అనుకోను."

"అన్నిట్లోనూ" అన్నాడు బావ, నేల వంక చూస్తూ. గొడుగు చంకలో పెట్టుకుని, వచ్చిన దారినే వంగి వెళ్ళిపోయాడు. షట్టరు బయట ఒక్క క్షణం ఆగి, "మధ్యాహ్నం భోజనానికి ఇద్దరూ మా ఇంటికే రండి" అని ఒక కేక వేశాడు.

చెల్లెలు నవ్వింది. నవ్వి, పెద్ద కుర్చీలోకి వచ్చి కూర్చుంది. గుడ్డ కప్పాను. అద్దంలో ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం.

"ఊరి వాతావరణం గుర్తొచ్చిందన్నావు."

"గేదెలు ఊళ్ళోనే కదా ఉండేది" అన్నాను. తను నవ్వలేదు.

"మాస్టారు?"

"ముక్కులోకి నురగ పోయిందట."

"మందుల షాపు అబ్బాయి?"

"వాడికి మాత్రం నిజంగానే నచ్చింది. ఒట్టు."

"సరే. మరి నీకు?"

కత్తెర చేతిలోకి తీసుకున్నాను. దువ్వెన తీసుకున్నాను. అవుననొచ్చు. అంటే తను పెద్దాయనకి ఫోన్ చేస్తుంది, ఉద్యోగం వదులుతుంది, రేపు ఏ ఊళ్ళోనో నాలుగు వందల మంది బావల ముందు నిలబడుతుంది. కాదనొచ్చు. అంటే ఇంత దూరం వచ్చిన అవకాశాన్ని అన్న చేతులారా కాలదన్నినట్టే. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. కానీ ఇది నా కుర్చీ. ఇందులో కూర్చుంది నిజం వినడానికే.

"నచ్చలేదు చిట్టీ" అన్నాను. "ఎన్నిసార్లు విన్నా వేణువే గుర్తొస్తోంది. అది ఉండాల్సిన చోట నువ్వు నిలబడి దాని పని చేస్తున్నట్టుంది. ఒక్క మూడో పాట తప్ప."

"మూడో పాటా?"

"ఆయన పాడ్డం ఆపేశాక చివర్న నువ్వొక్కదానివే వాయిస్తావు చూడు, కిందికి దిగుతూ దిగుతూ. అక్కడ నాకు వేణువు గుర్తురాలేదు. ఎవరూ గుర్తురాలేదు. చీపురు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను."

తను కుర్చీలో ఇటు తిరిగి నా మొహం నేరుగా చూసింది. సగం తడి జుట్టు భుజం మీద పడింది. కళ్ళలో నీళ్ళు చూసి, అనకూడనిది అన్నాననుకున్నాను.

"అన్నయ్యా, మిగతావన్నీ వేణువు ఆయన పాత బాణీలే. ఆయన ఎలా వాయించేవాడో అలాగే వాయించమన్నారు, అలాగే వాయించాను. ఆ మూడో పాట చివర ఒక్కటే నేను కట్టుకున్నది. టైము మిగిలితే ఏదో ఒకటి వాయించమ్మా అన్నాడు పెద్దాయన."

తన తల మీద చెయ్యి వేసి అలాగే ఉంచాను. అందరూ బాగుందని చెప్పి ఉంటే ఈ సంగతి తనకి ఎప్పటికీ తెలిసేది కాదు, నాకూ తెలిసేది కాదు.

తను గుడ్డ కింద నుంచి చెయ్యి తీసి ఫోన్ అందుకుంది. స్కూలుకి చేస్తుందేమోనని భయపడ్డాను. చేసింది పెద్దాయనకే.

"నమస్కారం సార్. వస్తాను. కానీ ఒక్క మాట. వేణువు బాణీలు నేను వాయించను. ఆ చోట్లు ఖాళీగా ఉంచండి, లేదంటే నా పద్ధతిలో నన్ను వాయించనివ్వండి." అవతల నుంచి ఆ గొంతు, ఇన్నాళ్ళూ నా స్పీకర్లో విన్న గొంతే, ఈ మాట ముందే ఎందుకు అనలేదమ్మా అని అడిగింది. మా చెల్లెలు అద్దంలో నన్ను చూస్తూ జవాబు చెప్పింది.

"ఇంతకుముందు నాకే తెలియదు సార్. ఇవాళే తెలిసింది. మా అన్నయ్యకి నచ్చలేదు."

అంత గర్వంగా నా గురించి ఎవరూ ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు.